తిని ఎగిరితే పడదు

కొత్తగా డ్యూటీలో చేరిన అమ్మాయిలు పేషెంటును పట్టుకుని "మీకు ఎలర్జీ ఉందా?" అని అడుగుతుంటే నాకు ఒళ్లు మండిపోతుంది. ఉందో లేదో ఆయనకే తెలిస్తే మన దాకా ఎందుకొస్తాడమ్మా? మా మేడ్చల్ వైపు అలా అడిగితే అదేదో పెద్దవాళ్ల జబ్బనుకుని "గదేం లేదు" అని తల అడ్డంగా ఊపుతారు. "నీకేం పడది?" అని అడగాలి. అప్పుడు చూడండి తమాషా. వంకాయ పడదంటారు, బావినీళ్లు పడవంటారు, తోటికోడలు పడదంటారు. ఒకామె "నాకు మొగుడే పడడు సిస్టర్" అంది, ఆ మొగుడు పక్కనే మందులకవరు పట్టుకుని నిలబడి ఉండగానే. అన్నీ ఓపిగ్గా వినాలి. మనకు కావలసింది ఆ కబుర్ల మధ్యే ఎక్కడో ఉంటుంది.

ఈ మాట ఊరికే చెప్పడం లేదు. ఈ పడడం, పడకపోవడం అనే ముక్క దగ్గర ఒక పెళ్లి ఆగిపోబోయింది. అది నా కళ్లముందు జరిగింది కాబట్టి చెబుతున్నాను.

తెలంగాణ ఇంకా రాలేదు, రేపో మాపో అంటున్న రోజులు. మేడ్చల్‌లో హైవే మీదనే ఉన్న ఒక మోస్తరు ఆసుపత్రిలో నేను స్టాఫ్ నర్సును. చుట్టూ ఫ్యాక్టరీలు, కోళ్లఫారాలు, తోటలు. అందుకని యాక్సిడెంట్ల తర్వాత మాకు ఎక్కువగా వచ్చేవి ఈ పడని కేసులే. దుమ్ముకు ఆయాసం, మందు గోలీకి దద్దుర్లు, తేనెటీగలు కుట్టి మొహం వాచినవాళ్లు. ఒంట్లో కాపలా కాయాల్సిన పటాలం ఒక్కోసారి ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసి దొంగనుకుని కర్రలందుకుంటుంది. ఆ దెబ్బలు చుట్టానికి కాదు, ఇంటికే తగులుతాయి. ఎలర్జీ అంటే అంతే. మా డ్యూటీ డాక్టరు నాకు అలాగే చెప్పాడు, నేనూ అలాగే చెబుతున్నాను.

మా ఇన్‌చార్జి సిస్టర్ గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆవిడకు తాగి వచ్చినవాళ్లంటే పరమ అసహ్యం. వాసన తగిలితే చాలు, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని "ఆ మూల మంచం" అనేది. అయితే అడ్రినలిన్ మందు మాత్రం బీరువాలో పెట్టి తాళం వేయనిచ్చేది కాదు. ఆ విషయంలో స్టోర్సు వాళ్లతో ఏడాది పొడుగునా తగవే. తాళంచెవి వెతికే లోపల మనిషి పోతాడని ఆవిడ వాదన. ఆవిడ పెట్టిన ట్రేలో ఆ మందు ఎప్పుడూ ఒకేచోట ఉండేది, కళ్లు మూసుకున్నా చేతికి తగిలేది.

ఒకనాడు పొద్దు వాలుతుండగా గౌడవెల్లి వైపు నుంచి ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులోంచి బ్యాండువాళ్లు డప్పులతో సహా దిగారు. వాళ్ల మధ్య ఒక యువకుడు. ఒళ్లంతా గులాల్, మెడలో సగం తెగిన బంతిపూల దండ, మనిషి మీదినుంచి గుప్పుమని బీరు వాసన. ఎవరిదో పెళ్లి బరాత్‌లో తీన్మార్ ఎగురుతూ ఎగురుతూ కూలిపోయాడట. మా వైపు బరాత్‌లో ఆడడాన్ని ఎగురుడు అంటారు. పెళ్లికొడుకు గుర్రం మీదున్నా కారులో ఉన్నా, ముందు బ్యాండుకు ఎగిరేవాళ్లు లేకపోతే అది బరాతే కాదు.

గేటు దగ్గరి అటెండరు ముందే కేక వేశాడు, తాగిన కేసని. ఇన్‌చార్జి సిస్టర్ కొంగు ముక్కు మీదికి పోయింది. దోస్తులిద్దరు ఆ పిల్లవాణ్ణి చెరొక రెక్క పట్టుకుని నిలబెట్టి నడిపిస్తున్నారు. తల వాలిపోతుంటే చెంపలు వాయిస్తున్నారు. పడుకోనిస్తే పోతాడట! నాకు కోపం నెత్తికెక్కింది. చూడండి పిల్లలూ, మన ఊళ్లలో ఇదొక పట్టుదల. పాము కుట్టినా, పురుగు ముట్టినా, సొమ్మసిల్లినా సరే, మనిషిని కూర్చోబెట్టాలి, నిలబెట్టాలి. రక్తపోటు పడిపోయినవాణ్ణి నిలబెడితే గుండెకు రక్తం ఎక్కడినుంచి వస్తుంది? వాళ్ల చేతుల్లోంచి లాక్కుని మంచం మీద వెల్లకిలా వేశాను, కాళ్ల కింద రెండు దిండ్లు తోశాను.

సెలైన్ పెడదామని మోచెయ్యి తడిగుడ్డతో తుడిచాను. గులాల్ పోయింది. ఎరుపు పోలేదు. ఇంకా గట్టిగా తుడిచాను. చేతికి గడ్డలు గడ్డలుగా తగిలింది. చొక్కా ఎత్తి చూస్తే పొట్ట మీద, వీపు మీద అన్నీ దద్దుర్లే, ఒక్కొక్కటీ రూపాయి బిళ్లంత. పెదవులు వాచి ఉన్నాయి, ఊపిరిలో పిల్లికూత. అప్పటిదాకా ఆ రంగులో ఇదంతా ఎవరికీ కనిపించలేదు. డాక్టరును పిలిచాను. ఆయన వచ్చి ఒక్క చూపు చూసి "అడ్రినలిన్" అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపు ఇన్‌చార్జి సిస్టర్ సిరంజి నింపి ఆయన చేతికి అందించింది. కొంగు ముక్కు మీదినుంచి ఎప్పుడు తీసిందో నేను చూడలేదు.

తొడకు ఒక సూది, కాసేపటికి ఇంకొకటి, ఆక్సిజన్, సెలైన్. దొరకని బి.పి. మెల్లగా దొరికింది. పిల్లికూత తగ్గింది. పిల్లవాడు కళ్లు తెరిచి మమ్మల్నందరినీ చూసి, "బ్యాండ్ ఎటువాయె?" అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

వాడు గౌడవెల్లివాడే, మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. చుట్టుపక్కల తీన్మార్‌లో వాణ్ణి కొట్టినవాడు లేడని దోస్తుల మాట. శామీర్‌పేట వైపు ఒక అమ్మాయితో సంబంధం కుదిరి పూలుపండ్లు కూడా అయ్యాయట, వచ్చే నెలలోనే లగ్గం. వాణ్ణి తెచ్చిన దోస్తు అదే ఊరి ముస్లిం పిల్లవాడు, అదే కంపెనీ. మనిషికి గండం తప్పాక వాడు నా దగ్గరికి వచ్చి గుసగుసగా చెప్పాడు. "అల్లా కసమ్ సిస్టర్, ఇనె పీతాచ్ నై. నేను తాగ, ఈడు తాగడు. పడిపోంగనే మొకం మీద కొడ్దమంటె నీళ్లు అయిపోయినయ్. ఎవరిదో బీరు సీస దొరికింది, అదే కొట్టినం."

బావుంది. అయితే ఆ వెనకే పిల్లవాడి తండ్రి వచ్చాడు. చెమటలు కక్కుతూ వచ్చి, కొడుకు మొహం చూసుకుని, మా అందరి వైపు తిరిగి దండం పెట్టి, కొంచెం ఎక్కువ తాగినట్టున్నాడు, వయసు పిల్లగాడు, మనసుల పెట్టుకోవద్దు అన్నాడు. తాగలేదు, ఇది వేరే సంగతి అని డాక్టరు చెబుతున్నా వినడే! తాగిండు సార్, నాకు ఎరుకే, వీడు బరాత్‌లో తాగుతడు అని ఒకటే పాట. కొడుకు అటు తిరిగి గోడను చూస్తున్నాడు. తాగిన కొడుకును తాగలేదని చెప్పే తండ్రులను నా సర్వీసులో వందమందిని చూశాను. తాగని కొడుకును తాగాడని చెప్పే తండ్రిని అదే మొదలు చూడడం.

ఇలాంటి కేసును ఒక రోజు పూర్తిగా ఉంచుకుని చూడాలి, తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టవచ్చు. అందుకని వార్డులో పెట్టాం. మరునాడు పొద్దున డాక్టరు ఏమేం తిన్నావని అడిగాడు. పూరీ, మటన్, బగారా అన్నం, డబల్ కా మీఠా. ఇందులో ఏదైనా పడదా? అన్నీ పడతాయి, చపాతీ అయితే రోజూ తింటాను, ఏం కాదు అన్నాడు. డాక్టరు తల గోక్కున్నాడు. ఇలా పడిపోవడం ఇదే మొదలా అంటే పిల్లవాడు తండ్రి వైపు చూశాడు. తండ్రి అందుకుని, మేనమామ కొడుకు బరాత్‌లో ఒకసారి, పక్కింటి బరాత్‌లో ఒకసారి అని, "తాగినప్పుడల్ల గింతే సార్" అని చేర్చాడు.

నేను ఊరుకోక ఇంకెప్పుడైనా పడ్డాడా అని అడిగాను. ముసలాయన నోరు జారాడు. పోయినేడు కంపెనీ బస్సు వెంట ఉరికి అక్కడే పడ్డడు అన్నాడు.

"పొద్దుగాల ఏడుగంటల బస్సా అన్నా?"

"ఆఁ."

"పొద్దుగాల లేచి తాగి డ్యూటీకి వోతుండెనా?"

ముసలాయన తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. కొడుకే చెప్పాడు, ఆ రోజు హోటల్లో పూరీ తిని బస్సు కోసం ఉరికానని. డాక్టరు చేతిలో పెన్ను ఆగిపోయింది. తినడం ఒక్కటే అయితే ఏం కాదు. ఎగరడం ఒక్కటే అయితే ఏం కాదు. గోధుమ తిని ఎగిరితేనో ఉరికితేనో ఒళ్లు తిరగబడుతుంది. చాలా అరుదు, పుస్తకంలో చదివానే తప్ప చూడలేదన్నాడు డాక్టరు. ఇప్పటికి అనుమానమే, సిటీలో ఎలర్జీ స్పెషలిస్టు దగ్గర తేల్చుకోవాలి అని మొహమంతా వెలిగిపోతుంటే చెప్పాడు. డాక్టర్లకు అరుదైన జబ్బు దొరికితే ఎంత సంబరమో మీకూ తెలుసు.

ఆయన వెళ్లాక ముసలాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "మేమంత ఫిట్సే అనుకున్నం సిస్టరమ్మా. ఫిట్స్ అంటె పిల్లనెవరిస్తరు? తాగిండంటె నాల్గు తిడ్తరు, లగ్గమైతె అదే మానుతడంటరు. రోగమంటె మానుతదని ఎవరన్న అంటరా?" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడర్థమైంది నాకు. కొడుకు పడ్డ ప్రతిసారీ ఈయనే ఊరంతా తిరిగి మావోడు తాగిండు, మావోడు తాగిండు అని చెప్పుకొచ్చాడన్నమాట. ఒక్క చుక్క ముట్టని పిల్లవాడు తండ్రి పరువు కోసం తాగుబోతనిపించుకుని నోరు మూసుకున్నాడు. ఇద్దరినీ చెరొకటి తగిలించాలనిపించింది. ముద్దూ వచ్చింది.

అంతలో వార్డు బయట కారిడార్‌లో ఒక పెద్దమనిషి. తెల్ల ధోతి, తెల్ల లాల్చీ, చేతిలో బత్తాయిల సంచి. పిల్ల తండ్రి. కబురు శామీర్‌పేట దాకా పోయింది మరి. లోపలికి రాకుండా నన్ను పక్కకు పిలిచాడు. పెద్ద బిడ్డనిచ్చినవాడు తాగి తాగి ఇల్లు గుల్ల చేశాడట, బిడ్డ పుట్టింట్లోనే ఉందట. "ఇంకేమున్నా సర్దుకుంట సిస్టరమ్మా. కుంటోడైనా గుడ్డోడైనా సరే. ఆ వాసన మాత్రం నా వాకిట్లకు మల్ల రానియ్య. ఒక్క మాట చెప్పు. నిన్న తాగిండా, లేదా?"

చెప్పండి పిల్లలూ, నేనేం చేయాలి? నిజం నా నాలుక చివర ఉంది. కానీ పేషెంటు సంగతి పేషెంటుది. వాడు చెప్పమంటే తప్ప వాడి జబ్బు నేను బయటపెట్టకూడదు. తాగలేదు అంటే మరెందుకు పడ్డాడు అంటాడు. అందుకే, నేను చెప్పకూడదు అన్నా, లోపలికి పోయి ఆ పిల్లవాణ్ణే అడుగు అన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు. "తెలిసింది తల్లీ" అన్నాడు. తాగాడు కాబట్టే నేను చెప్పడం లేదనుకున్నాడు! బత్తాయిల సంచి బెంచీ మీద పెట్టి, మెట్ల వైపు నడిచాడు.

లోపలికి ఒక్క ఉరుకు ఉరికి, పిల్లవాడి ముందు నిలబడి చెప్పాను. "నీ లగ్గం మెట్లు దిగి పోతాంది. నేను నోరు విప్పొద్దు. నువ్వు విప్పుతవా, ఇట్లనే గోడను చూస్తవా?"

తండ్రి వద్దు కొడుకా వద్దు అంటున్నాడు. కొడుకు లేచాడు. మంచం దిగి ఉరకబోయాడు. రెక్క పట్టుకుని ఆపాను. ఒక్క గండం గడిచి ఇంకా రోజు కాలేదు, ఉరికి మళ్లీ పడితే ఎలా? వాడి చేతికి సెలైన్ గొట్టం. బాటిల్ నేను పైకెత్తి పట్టుకున్నాను. వాడు ముందు, నేను వెనక, మా వెనక ముసలాయన, పెళ్లికి నడిచినట్టే మెల్లగా నడిచాం. మెట్ల దగ్గరికి చేరేసరికి పెద్దమనిషి కింద ఓ.పి. హాలు దాటి గేటు దాకా వెళ్లాడు. ఇక అందడని తేలిపోయింది.

అప్పుడు మావాడు పై మెట్టు మీద నిలబడి గొంతెత్తాడు. "మామా! నేను తాగలె. ఎన్నడు తాగలె. నాకు రోగమున్నది!"

ఓ.పి.లో చీటీలు పట్టుకుని కూర్చున్న జనమంతా తలలెత్తారు. పెద్దమనిషి ఆగి వెనక్కి తిరిగాడు. అక్కడినుంచే ఏం రోగమని అడిగాడు. గోధుమరొట్టె తిని ఎగిరితే పడిపోతా అన్నాడు మావాడు. తినకుండా ఎగిరితే? ఏం కాదు. తిని ఎగరకపోతే? ఏం కాదు. హాలు మొత్తం గుసగుసలు పోయింది. సూది కోసం కూర్చున్న ఒక అవ్వ, "గిసుంటి రోగం మా ముసలోనికి రాకపాయె, ఇంటి పట్టున పడి ఉంటుండె" అంది. జనం గొల్లుమన్నారు. నవ్వనివాళ్లు ముగ్గురే. పైన ఒక తండ్రి, కింద ఒక తండ్రి, మధ్యలో పెళ్లికొడుకు.

పెద్దమనిషి మెట్లెక్కి వచ్చాడు. పిల్లవాడి మొహం దగ్గర మొహం పెట్టి వాసన చూశాడు. తర్వాత వియ్యంకుడి వైపు తిరిగి, తాగుబోతని ఎందుకు చెప్పావు అని అడిగాడు. ముసలాయన తలొంచుకుని, రోగమంటే నువ్వు ఒప్పుకోవని చెప్పిన అన్నాడు. తాగిండంటే ఒప్పుకుంటననుకున్నావా అన్నాడీయన. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

పెద్దమనిషి నా వైపు తిరిగాడు. "మా ఇంట్ల రాత్రిపూట జొన్నరొట్టెలు సిస్టరమ్మా. గవన్న పడ్తయా ఈనికి?"

పిల్లవాడి వైపు చూశాను. చెప్పమని తలూపాడు. "పడ్తయి అన్నా. కమ్మగ పడ్తయి" అన్నాను. ఆయన వెనక్కిపోయి బెంచీ మీద వదిలేసిన బత్తాయిల సంచి తెచ్చి అల్లుడి చేతిలో పెట్టాడు.

సిటీలో స్పెషలిస్టు కూడా అదే తేల్చాడు. తిన్న రోజు ఎగరొద్దు, ఎగిరే రోజు గోధుమ ముట్టొద్దు, అత్యవసరానికి అడ్రినలిన్ దగ్గర ఉండాలి, సూది వేసుకుని కూడా ఆసుపత్రికి రావాల్సిందే అన్నాడు. ఆ సూది వేయడం నేర్పే పని మా నెత్తిన పడింది. పిల్లవాడి దోస్తు వచ్చాడు, రెండు వైపుల తండ్రులూ వచ్చారు. పెళ్లికూతురు కూడా వచ్చింది. కండ్లకోయలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులో పని చేసేది, సాయంత్రం కాలేజీ బస్సు దిగి నేరుగా మా దగ్గరికే. బత్తాయి మీద సూది గుచ్చడం నేర్పాను. తండ్రులిద్దరూ పొడిచిన పోట్లకు బత్తాయి రసం కారిపోయింది. ఆ అమ్మాయి మాత్రం మందు సీస మెడ విరిచి, అరమిల్లీ లాగి, బత్తాయిలో దించి, "గింతేనా?" అంది. వాడు పడిపోతే ముందు ఏం చేస్తావని అడిగితే, "పండుకోబెట్టి కాళ్లు లేపుత. నిలవెట్టను. ఎవడన్న నిలవెడ్త అంటె వాణ్ని పండవెడ్త" అంది. ఇన్‌చార్జి సిస్టర్ ఆ పిల్లను చూసి నర్సింగ్‌లో చేరి ఉండాల్సిందని నెలరోజులు చెప్పుకుంది.

పెళ్లికి మా డ్యూటీవాళ్లం ఆవిడతో సహా వెళ్లాం. మందుల సంచి భుజాన వేసుకుని నేను. వంటశాల దగ్గర పెద్దమనిషి వంటమేస్త్రీ మీద చిందులు తొక్కుతున్నాడు. గోధుమ వద్దన్నారని ఆ మహానుభావుడు బ్రెడ్డుతో చేసే డబల్ కా మీఠా మానేసి సేమ్యా పాయసం వండాడు! సేమ్యా ఏంతోటి చేస్తరో ఎరుకనా అని పెద్దమనిషి, సేమ్యా సేమ్యాతోటే చేస్తరని మేస్త్రీ. మైదా, రవ్వ, సేమ్యా అన్నీ గోధుమేనని అల్లుడి కోసం ఆయన ఎంత చదివాడో! ఆ పాయసం గిన్నెకు మూత పెట్టి, దాని మీద తన కండువా కప్పి, పక్కనే కుర్చీ వేసుక్కూర్చున్నాడు. మిగతా చుట్టాలు తింటామన్నా లేవలేదు. పెళ్లికొడుకుకు బగారా అన్నం, మటన్, పెరుగు.

ఇక బరాత్. బ్యాండు మోగిందంటే మావాడు కారులో కూర్చుంటాడా? దూకాడు. అబ్బ, ఏం ఎగిరాడు! వాళ్ల మాట నిజమే, వాణ్ణి కొట్టినవాడు లేడు. దోస్తు వాడి చుట్టూ తిరుగుతూ మర్ఫా డప్పు వాయించాడు. కొడుకు తాగాడని ఊరంతా చెప్పుకు తిరిగిన ముసలాయన తలపాగా గాలిలో తిప్పుతూ ఎగురుతుంటే, ఎవరో ఈయన బాగా తాగినట్టుందే అన్నారు. నేను మాత్రం వాడి మొహాన్నే చూస్తున్నాను. ఎరుపెక్కుతోందా, పెదవి వాస్తోందా. సంచి గట్టిగా పట్టుకుని బరాత్ పొడుగునా వాడి వెనకే నడిచాను. ఊరు సగం దాటింది. ఏమీ కాలేదు. చెమట, నవ్వు తప్ప వాడి మొహం మీద ఇంకేమీ లేదు.

అప్పుడు పూలకారు ఆగింది. తలుపు తీసుకుని పెళ్లికూతురు దిగింది. చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"సంచి ఇటియ్యి పెద్దమ్మా."

నేనున్నాను కదమ్మా, నువ్వెళ్లి కూర్చో అన్నాను.

"నువ్వు ఇయ్యాల్టికి ఉంటవ్. నేను రోజు ఉంట గదా."

ఇచ్చేశాను. ఆ అమ్మాయి దాన్ని పట్టుచీర మీద అడ్డంగా వేసుకుని, కొంగు బొడ్లో దోపి, బ్యాండు మధ్యలోకి మొగుడి పక్కకు పోయి ఎగరడం మొదలుపెట్టింది.